రాత్రి మెలకువ వచ్చినప్పుడు: కాలు కోల్పోయిన ఒక వ్యక్తి కేస్ స్టడీ

కాలో చెయ్యో కోల్పోయినవాళ్లు మళ్లీ తమ పనులు తాము చేసుకునేలా సాయపడే పునరావాస విభాగంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈ కేసును ఆ వ్యక్తి, ఆయన భార్య, ఆయనతో మాట్లాడడానికి వచ్చిన ఇద్దరు అనుభవజ్ఞులు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని తీసేశాను.

"వాళ్లను చూసి ధైర్యం తెచ్చుకో" అని కష్టంలో ఉన్నవాళ్లతో మనం చాలా తేలిగ్గా అనేస్తాం. ఆ మాట ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు మనిషిని ఇంకా కిందికి తోస్తుందో ఈ ఒక్క కేసులోనే రెండూ కనిపించాయి.

నేపథ్యం

ఆయనకు నలభై లోపు వయసు. ఎక్కువసేపు నిలబడి చేసే ఉద్యోగం. రోడ్డు ప్రమాదంలో ఎడమ కాలు నలిగిపోయి, మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. మోకాలు దక్కడం చిన్న విషయం కాదు. సొంత మోకాలు ఉంటే కృత్రిమ కాలితో నడిచేటప్పుడు అలసట చాలా తక్కువ. గాయం బాగా మానింది. వాపు దిగాక తాత్కాలిక కాలు అమర్చారు. ఫిజియోథెరపీ గదిలో సమాంతర కడ్డీల మధ్య నడిచారు, తర్వాత ఒక చేతికర్రతో నడిచారు. ఫిజియోథెరపిస్టు రాసిన నోట్స్ అన్నింట్లో ఒకటే మాట: "పురోగతి బాగుంది."

ఇంటికెళ్లాక మాత్రం ఆయన కాలు తొడగడం మానేశారు. దాన్ని ఒక గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టేశారు. ఆసుపత్రికి వచ్చే రోజు తీసి తొడుక్కునేవారు, తిరిగి వెళ్లగానే విప్పేసేవారు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

రిఫరల్ కాగితం మీద "మోటివేషన్ లేదు" అని రాసి పంపారు. ఈ మాట నాకు ఎప్పుడూ అనుమానమే. మనిషి ఎందుకు ఆగాడో తెలియనప్పుడు మనం రాసుకునే మాట అది. అందుకే ముందు శరీరం వైపు నుంచి చూడమన్నాను. సాకెట్ (కృత్రిమ కాలిలో మిగిలిన కాలును దూర్చే గిన్నె లాంటి భాగం) బిగుతు సరిగ్గానే ఉంది. స్టంప్ మీద, అంటే తీసేశాక మిగిలిన కాలి మొండెం మీద, చర్మం శుభ్రంగా ఉంది. లేని కాలిలో నొప్పి అప్పుడప్పుడూ వస్తోంది, కానీ మందులతో భరించగలిగేంతే.

పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 14 వచ్చింది, అంటే మధ్యస్థ స్థాయి డిప్రెషన్. చనిపోవాలనే ఆలోచనల గురించి సూటిగా అడిగాను. "బతకాలని లేదని కాదండీ, ఇలా బతకడం తెలీట్లేదు" అన్నారు. ఆ మాటను అలాగే రాసి పెట్టుకున్నాను. మనసు బాగులేదన్నదానికన్నా, ఒక పని చేతకావట్లేదన్న మాటే అందులో ఎక్కువ వినిపించింది.

నిద్ర సరిగ్గా లేదు. సాయంత్రం అయ్యాక నీళ్లు తాగడం మానేశారని భార్య చెప్పింది. ఎందుకని అడిగితే ఆయన మాట మార్చారు. ఆ రోజుకు అది చిన్న విషయంగా కాగితం మీద ఉండిపోయింది.

అప్పటికే ఇంట్లో జరిగినవి

కుటుంబం చేతులు కట్టుకుని కూర్చోలేదు. బావమరిది రోజూ పొద్దున్నే ఒక వీడియో పంపేవాడు. 1981లో ప్రమాదం జరిగి కాలు పోయినా కృత్రిమ కాలితో మళ్లీ వేదికెక్కి నాట్యం చేసిన సుధా చంద్రన్. రైలు ప్రమాదంలో కాలు పోయిన రెండేళ్లకే, 2013లో ఎవరెస్టు ఎక్కిన అరుణిమ సిన్హా. క్యాన్సర్ వల్ల కాలు పోయాక 1980లో కెనడాలో 143 రోజులపాటు పరిగెత్తిన టెర్రీ ఫాక్స్. ఆయన ఫోన్‌లో ఇలాంటివి ఒక ఫోల్డర్ నిండా ఉన్నాయి. అన్నీ చూశారు కూడా.

"చూశాక ఏమనిపిస్తుంది?" అని అడిగాను.

"వాళ్లు వేరే మనుషులండీ. వాళ్లలో ఏదో ఉంది. నేను వంటగది దాకా వెళ్లలేకపోతున్నాను."

ఇది బద్ధకమూ కాదు, కృతఘ్నతా కాదు. పెనెలోప్ లాక్‌వుడ్, జీవా కుండా అనే సైకాలజిస్టులు 1997లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. ఆదర్శ వ్యక్తి అందుకున్నది తనకూ అందుతుందని నమ్మేవాళ్లకు ఆ కథ ఉత్సాహం ఇస్తుంది. అది తనకు అందదని తేలిపోయినవాళ్లకు ఆ ఉత్సాహం రాదు. ఈయన ఆ రెండో చోట ఉన్నారు. పైగా వీడియో నిడివి కొన్ని నిమిషాలే. ప్రమాదం ఒక దృశ్యం, శిఖరం ఒక దృశ్యం. మధ్యలో గడిచిన నెలలు సంగీతం వెనక దాక్కుంటాయి. ఈయన ఉన్నదేమో సరిగ్గా ఆ నెలల్లో.

ఇంట్లో పెద్దవాళ్లు రెండో దారి పట్టారు. "రెండు కాళ్లూ పోయినవాళ్లు లేరా? నీకు మోకాలైనా మిగిలింది." మనకన్నా కష్టంలో ఉన్నవాళ్లతో పోల్చుకుంటే మనసు తేలికపడుతుందన్నది అబద్ధమేమీ కాదు. అయితే ఆ పోలిక మనిషి తనంతట తాను చేసుకోవాలి. పక్కవాళ్లు చేసి చేతిలో పెడితే, "ఇక నీ బాధ గురించి మాట్లాడకు" అన్నట్టే వినిపిస్తుంది. ఈయనకు అలాగే వినిపించింది. ఆ తర్వాత ఇంట్లో ఏదీ చెప్పడం మానేశారు. ఈ మౌనం ఎంత నష్టం చేసిందో మాకు తర్వాత తెలిసింది.

మేం మొదలుపెట్టినది, అది ఆగిన చోటు

వీడియోలు పంపడం ఆపించాను. బావమరిదికి ఫోన్ చేసి, ఆయన ప్రేమను తప్పుపట్టకుండా, దాన్ని ఇంకో పని వైపు మళ్లించాను: వారానికి ఒకసారి వచ్చి బావగారితో కలిసి కూర్చోవడం, కాలు ఊసు ఎత్తకుండా.

డిప్రెషన్‌కు మామూలుగా చేసే విధానంతోనే మొదలుపెట్టాం. రోజుకు కొంతసేపు కాలు తొడగడం, మెల్లగా సమయం పెంచడం, చేసిన ప్రతి పనికీ మనసు ఎలా ఉందో రాసుకోవడం. ఆసుపత్రిలో అన్నీ చేసేవారు. ఇంట్లో పగటిపూట కొద్దిగా, సాయంత్రమైతే అస్సలు కాదు. స్కోరు ఒకటి రెండు పాయింట్లు దిగి ఆగిపోయింది.

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. మందుల కోసం సైకియాట్రిస్టుకు పంపి ఇదే పద్ధతిని గట్టిగా పట్టుకోవడం ఒకటి. ఇంట్లో, అందులోనూ సాయంత్రం తర్వాత, మాకు తెలియనిది ఏదో ఉందనుకుని దాన్ని వెతకడం రెండోది. సైకియాట్రిస్టు అభిప్రాయం తీసుకున్నాం. అప్పటికి మందులు అవసరం లేదు, గమనిస్తూ ఉండమన్నారు. రెండో దారి పట్టాను. మాకు చెప్పని మాట, అదే దారిలో నడిచిన మనిషికి చెప్తారేమో అనిపించింది.

మొదటి పరిచయం

మా విభాగంలో చికిత్స పూర్తయి వెళ్లినవాళ్లలో కొందరు కొత్తవాళ్లతో మాట్లాడడానికి ముందుకొస్తారు. అదే వయసు, అదే ఎత్తులో తీసిన కాలు, మగవాడే: ఇన్ని కలిసిన ఒక యువకుడిని పిలిచాం. మంచి మనిషి, మనస్ఫూర్తిగా వచ్చాడు. గదిలోకి చకచకా నడిచొచ్చాడు. ప్యాంటు పైకి లాగేదాకా ఏ కాలు కృత్రిమమో తెలియలేదు. మెట్లు ఎక్కి చూపించాడు, జాగింగ్ గురించి చెప్పాడు. "అన్నా, అంతా మైండ్‌లోనే ఉంది" అన్నాడు.

క్లయింట్ నవ్వారు, థాంక్స్ చెప్పారు, తర్వాతి సెషన్‌కు రాలేదు.

డొనాల్డ్ మైకెన్‌బామ్ 1971లో పాములంటే భయమున్నవాళ్లతో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఏ భయమూ లేకుండా పామును పట్టుకున్న మనిషిని చూసినవాళ్లకన్నా, మొదట భయపడి, తడబడి, ఆ భయాన్ని దాటుకుంటూ పట్టుకున్న మనిషిని చూసినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. మా యువకుడు ఎదురుగా కూర్చున్నా, చివరికి అది ఇంకో వీడియోనే అయింది. అతను కూడా తడబడే ఉంటాడు. కానీ ఎదుటివాడికి ధైర్యం చెప్పాలన్న తపనలో ఆ భాగమంతా దాటేశాడు. వయసు, లింగం కలిస్తే చాలదని, దాటాల్సిన అడ్డంకి కలవాలని అప్పుడు నిర్ణయానికి వచ్చాను.

రెండో పరిచయానికి ముందు

ఈసారి యాభై దాటిన ఒకావిడను అడిగాను. ఆవిడకూ మోకాలి కిందే తీశారు, ఏడేళ్లయింది. ఆఫీసు ఉద్యోగం. నెమ్మదిగా, కొంచెం పక్కకు ఒరుగుతూ నడుస్తారు. కొండలెక్కలేదు, పరుగు పందేల్లో లేరు.

ముందుగా ఆవిడతో విడిగా కూర్చుని కొన్ని కోరాను. ఈ రోజు గురించి వద్దు, మొదటి ఆరు నెలల గురించి చెప్పండి. "నువ్వు ఇలా చెయ్యి" అనకుండా "నేను ఇలా చేశాను" అనండి. ఇప్పటికీ కష్టంగా ఉన్నది ఏదైనా ఉంటే దాచకండి. ఇబ్బంది లేకపోతే కాలు విప్పి చూపించండి. చివరి కోరికకు ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆయన భార్య కూడా ఉంటే చూపిస్తాను" అన్నారు. అది మంచి సూచన. భార్యను పిలవాలన్న ఆలోచన అప్పటిదాకా మాకు లేదు.

ఆ గదిలో

ఆవిడ కుర్చీలో కూర్చుని ముందు కాలు విప్పారు. స్టంప్‌కు తొడిగే మెత్తటి సిలికాన్ లైనర్‌ను వెనక్కి మడుస్తూ తీశారు. స్టంప్ చివర ఎర్రటి మచ్చ ఉంటే వేలితో నొక్కి చూపించి, "పావుగంటలో ఈ ఎరుపు పోతే పర్లేదు, పోకపోతే డాక్టర్ దగ్గరికి పరిగెత్తడమే" అన్నారు. హ్యాండ్‌బ్యాగ్ లోంచి రెండు స్టంప్ సాక్సులు తీశారు. మధ్యాహ్నానికి స్టంప్ కాస్త కుంచించుకుపోయి కాలు వదులవుతుందని, అప్పుడు ఇంకో సాక్సు వేసుకుంటానని చెప్పారు. క్లయింట్ ముందుకు వంగి చూశారు. మధ్యాహ్నం తర్వాత కాలు ఊగినట్టు ఉండటం ఆయనకూ జరుగుతోంది. అది తన చేతకానితనం అనుకున్నారు. సాక్సుల సంగతి ఫిజియోథెరపిస్టు మొదట్లోనే చెప్పారు, చేతిలో కాగితం కూడా పెట్టారు. ఆ మాట అప్పుడు ఎక్కలేదు.

తర్వాత ఆవిడ, ఎవరూ అడగకుండానే, రాత్రుళ్ల గురించి చెప్పారు.

"బాత్రూంకని లేస్తానా, మంచం దిగి లేని కాలి మీద నిలబడేదాన్ని. ఢామ్మని పడేదాన్ని. కాలు పోయిందని నాకు తెలుసు తమ్ముడూ, నా నిద్రకే తెలీదు. రెండోసారి పడ్డాక ఎవరికీ చెప్పలేదు. చెప్తే మంచం పక్కన కాపలా పెడతారని."

చాలాసేపు ఆయన ఏమీ అనలేదు. తల దించుకుని, "నేనూ పడ్డానక్కా" అన్నారు. పక్కనే ఉన్న భార్యకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

తీసేసిన కాలు ఉన్నట్టే అనిపించడం దాదాపు అందరికీ ఉంటుంది. నిద్రమత్తులో ఆ అనుభూతిని నమ్మి లేచి పడిపోవడం మాకు తెలిసిన ప్రమాదమే. "ఎప్పుడైనా పడ్డారా?" అని చెక్‌లిస్టు ప్రకారం అడిగాం, ఆయన "లేదు" అన్నారు. పడ్డానని ఒప్పుకుంటే పరువు పోతుందన్న భయం చెక్‌లిస్టుకు లొంగదు. ఎదుటి మనిషి ముందుగా తన పడిపోవడాన్ని బయటపెడితే లొంగింది.

నీళ్లు మానేయడం, నిద్ర పట్టకపోవడం, సాయంత్రం నుంచి భయం, "నాకిక కుదరదు" అన్న నిశ్చయం: అన్నింటి వెనకా ఆ ఒక్క రాత్రి ఉంది. రిఫరల్ మీద రాసిన "మోటివేషన్ లేదు" అన్న మాట ఆ రోజు కొట్టేశాను.

తీసుకున్నది, మార్చుకున్నది

ఆవిడ రాత్రి పాటించేది చాలా మామూలు పద్ధతి. చంక కర్రలను మంచానికి అడ్డంగా, దిగే వైపు ఆనించి ఉంచుతారు. చెయ్యి వాటికి తగలగానే మెలకువ పూర్తిగా వస్తుంది. మంచం అంచున కూర్చుని, అరచేత్తో స్టంప్‌ను ఒకసారి తడిమి, అప్పుడు లేస్తారు. చిన్న లైటు రాత్రంతా వెలుగుతుంది.

క్లయింట్ ఆ రాత్రే అలా చేసి చూశారు. నున్నటి నేల మీద కర్రలు జారి పడ్డాయి, ఇల్లంతా లేచింది. మర్నాడు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో నిరాశ ఉంది. "ఆవిడకు కుదిరింది, నాకు కుదరలేదు" అన్నారు. అవే పాత మాటలు. నేను "ఇంకోసారి ప్రయత్నించండి" అనలేదు. "ఆ కర్రలు ఆవిడకు ఏ పని చేసిపెట్టాయి?" అని అడిగాను. ఆలోచించి, "లేచే ముందు ఆపాయి" అన్నారు. "మీ గదిలో మిమ్మల్ని ఆపగలిగేది ఏముంది?" రెండు రోజుల్లో ఆయనే తేల్చుకున్నారు: మంచం దిగే చోట రబ్బరు కాళ్లున్న వాకర్, దాని మీద ఒక తువ్వాలు. తువ్వాలు తడి చేసి ఆరేసేవారు. చల్లగా తగలగానే నిద్రమత్తు వదిలేదట.

ఈ కేసులో నేను అందరికన్నా ఎక్కువ విలువిచ్చేది ఆ తడి తువ్వాలుకే. అది ఆవిడ చెప్పింది కాదు, నేను చెప్పింది కాదు. ఆవిడ అనుభవంలోంచి పద్ధతిని కాకుండా కారణాన్ని తీసుకుని, తన గదికి సరిపడేలా ఆయన కట్టుకున్నది. ఒక పని చేయగలనన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బండూరా 1977లో నాలుగు మూలాలుగా చెప్పారు: స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాళ్లు చేయడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, ఆ సమయంలో సొంత శరీరం ఇచ్చే సంకేతాలు. అన్నింటిలో బలమైనది మొదటిదే. చూసి నేర్చుకోవడం మనల్ని గుమ్మం దాకా తీసుకొస్తుంది. స్వయంగా చేసిన చిన్న పని జరగకపోతే అక్కడే నిలబడిపోతాం.

పడకుండా రాత్రులు గడిచేకొద్దీ నీళ్లు తాగడం మొదలైంది, నిద్ర కుదుటపడింది. కాలు మంచం కింద నుంచి కుర్చీ పక్కకు వచ్చింది. ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఆవిడను అడగాలనుకున్నవన్నీ రాయమన్నాను. ఒకటే షరతు: "ఎలా తట్టుకున్నారు?" లాంటి ప్రశ్న రాయకూడదు. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ "ధైర్యంగా ఉన్నాను" అనే. ఆయన రాసినవి: వానలో బయటికెళ్తే ఏం చేస్తారు? పిల్లలు కాలు ముట్టుకుంటే ఏమంటారు? ఆఫీసులో మొదటిరోజు ముందుగా ఎవరితో మాట్లాడారు? వీటికి వచ్చే జవాబులు చేతికి పనికొస్తాయి.

పుండు దగ్గర గీసిన గీత

అంతా సాఫీగా సాగలేదు. ఉత్సాహంలో ఎక్కువసేపు నడిచి స్టంప్ మీద పుండు తెచ్చుకున్నారు. ఆవిడకు ఫోన్ చేస్తే, "నాకూ అయింది, పట్టీ వేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయాను, తగ్గింది" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, అలాగే జరిగింది. కానీ చర్మం చిట్లినప్పుడు కాలు తొడిగితే ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. ఆవిడకు తగ్గడం ఆవిడ అదృష్టం. అదృష్టం నుంచి పాఠం తీసుకోకూడదు.

ఆవిడను నొప్పించకుండా ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. భయం, సిగ్గు, ఇంట్లో సర్దుబాట్లు, ఉద్యోగం ఆవిడ అనుభవం చెప్పొచ్చు. చర్మం, నొప్పి, మందులు, సాకెట్ డాక్టరూ ఫిజియోథెరపిస్టూ చెప్తారు. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. పుండు మానేదాకా కొన్ని వారాలు కాలు తొడగలేదు. ఆ వారాల్లో మనసు మళ్లీ జారింది కానీ మొదటికి రాలేదు. మనసు అలా జారడం తనకూ జరిగిందని ఆవిడ చెప్పడం, డాక్టర్ చెప్పిన గడువు కన్నా ఎక్కువ ఊరట ఇచ్చిందని ఆయన అన్నారు.

ఈ కేసు నుంచి నేర్చుకున్నది

"వాళ్లలో ఏదో ఉంది, నాలో లేదు" అన్న వాక్యం దగ్గరే అసలు చిక్కంతా. కష్టాన్ని తట్టుకుని నిలదొక్కుకోవడం పుట్టుకతో వచ్చే లోహం లాంటిదని చాలామంది నమ్ముతారు. ఎమీ వెర్నర్ బృందం హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంట్లో కలతలు లాంటి ఎన్నో గడ్డు పరిస్థితుల్లో పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది సమర్థులైన పెద్దవాళ్లయ్యారు. వాళ్ల స్వభావానికీ అందులో పాత్ర ఉంది. దాంతోపాటు, పట్టించుకునే మనిషి కనీసం ఒకరు వాళ్లకు దొరికారు. నా క్లయింటుకు లోపల లోహమేదో కొత్తగా పుట్టలేదు. సరైన దూరంలో ఒక మనిషి దొరికారు, ఒక ప్రశ్న దొరికింది.

గొప్పవాళ్ల కథలు పనికిరావని నేను అనడం లేదు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన షియావోడాంగ్ లిన్-సీగ్లర్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఐన్‌స్టీన్, క్యూరీ, ఫారడే పడ్డ ఇబ్బందుల గురించి చదివిన హైస్కూలు విద్యార్థులకు సైన్సు మార్కులు మెరుగయ్యాయి. విజయాలు మాత్రమే చదివినవాళ్లకు అలా కాలేదు. మనిషి గొప్పతనం అడ్డం కాదు, కథలో మధ్యభాగం లేకపోవడమే అడ్డం. కాలు తొడగడం అలవాటయ్యాక మా క్లయింట్ తనంతట తాను పాత ఫోల్డర్ తెరిచి ఎవరెస్టు వీడియో మళ్లీ చూశారు. ఈసారి శిఖరం గురించి మాట్లాడలేదు. "దిగేటప్పుడు ఆవిడ ఏ కాలు ముందు పెట్టిందో చూశారా?" అని నన్ను అడిగారు.

ఇప్పుడు ఎవరికైనా అనుభవజ్ఞుడిని పరిచయం చేసేముందు నేను చూసేది రెండే. ఈ మనిషి తన తడబాటును ఇంకా గుర్తుంచుకున్నాడా? వినేవాళ్లు ఈ వారం ఎదుర్కొంటున్న అడ్డంకిని ఇతను నిజంగా దాటాడా? మాటకారితనం, సాధించిన పేరు తర్వాతి సంగతి.

ఇప్పటి పరిస్థితి

చివరిసారి పీహెచ్‌క్యూ-9 స్కోరు 6. పగలంతా కాలు తొడుక్కుంటున్నారు. ఉద్యోగంలో నిలబడే సమయం తగ్గించి పని మార్చారు. అందుకు ఆయనకు కొంత బాధ ఉంది, ఆ బాధ న్యాయమైనదే. లేని కాలిలో నొప్పి ఇంకా వస్తోంది. జనం ఎక్కువున్న చోటికి వెళ్లడానికి ఇప్పటికీ వెనకాడతారు.

కొత్తగా కాలు కోల్పోయినవాళ్లతో మాట్లాడతారా అని అడిగితే, "నాకే ఇంకా రాత్రుళ్లు భయం పూర్తిగా పోలేదు, నేనేం చెప్తాను?" అన్నారు. ఆ భయం ఉన్నప్పుడు చెప్పే మాటలే వాళ్లకు ఎక్కువ పనికొస్తాయని చెప్పాను కానీ బలవంతపెట్టలేదు. సిద్ధంగా లేని మనిషితో చెప్పిస్తే అతను కష్టాన్ని దాటేసి గెలుపు మాత్రమే చెప్తాడు. మొదటి యువకుడి విషయంలో చూశాం కదా. చివరికి ఎదురుగా కూర్చోవడానికి కాదు గానీ ఫోన్లో మాట్లాడడానికి ఒప్పుకున్నారు, అదీ రాత్రుళ్లు పడిపోయే విషయం వరకే. గత నెలలో ఒకరికి ఆయన నంబరు ఇచ్చాం.